జెంటు మార్కు

పోయిన నెలలో ఒక మధ్యాహ్నం మా తమ్ముడి కొడుకు సౌందర్ మా ఇంటికి వచ్చి, చెప్పులు విప్పీ విప్పకముందే ఫోను తీసి నా కళ్ళముందు పెట్టాడు. కోవిల్‌పట్టిలో మా తాత మొదలుపెట్టిన అగ్గిపెట్టెల కంపెనీని ఇప్పుడు నడిపేది వాడే. మా అగ్గిపెట్టె పేరు జెంటు మార్కు. తలపాగా చుట్టుకుని, చంకలో గొడుగు పెట్టుకున్న ఒక మీసాల మనిషి బొమ్మ, అది మా తాతే, కింద ఇంగ్లీషు అక్షరాల్లో ఆ పేరు. తాత కాలం నుంచి లేబుల్ రంగు మారింది కానీ పేరు మారలేదు. సౌందర్ ఫోనులో మాత్రం ఆ పేరుకు అర్థం ఇంకోలా ఉంది. అది వాడుకలో లేని పాత ఇంగ్లీషు మాట అట. క్రైస్తవులూ ముసల్మానులూ కాని ఈ దేశపు జనాన్ని తెల్లవాళ్ళు ఒకప్పుడు అలా పిలిచేవాళ్ళట. నిజమైన దేవుణ్ణి ఎరుగని మూఢులని దాని భావం. తర్వాత తెలుగువాళ్ళకూ, తెలుగు భాషకూ అదే పేరుగా స్థిరపడిందట. దాని కింద, అదే పేరున్న ఒక జాతి పెంగ్విన్ పక్షి మంచుగడ్డ మీద నిలబడిన బొమ్మ ఒకటి.

"అత్తా, మీరు ఇంగ్లీసు టీచరుగా ఉంటిరి దానే, మీరే చెప్పండి" అన్నాడు సౌందర్. "ఇన్నాళ్ళు మనల్ని మనమే తిట్టుకుంటా అమ్మినామా? వడక్క నుంచి కొత్తగా ఒక ఉత్తరాది వ్యాపారి సరుకు అడగతా ఉండాడు. ఆయన ఫోనులో ఇది చూసి, ఏమయ్యా ఇది, ఇట్లాంటి పేరు యాల పెట్టుకుంటిరి అని అడిగె. నేను ఏమని చెప్పేది?"

విరుదునగర్‌లో లేబుళ్ళు గీసే అతను వీడికి రెండు దారులు చూపించాడట. పేరు మార్చి రాయల్ అని పెట్టడం ఒకటి. పేరు అలాగే ఉంచి, తాత బొమ్మ తీసేసి పెంగ్విన్ బొమ్మ వేయడం రెండోది. చినుకు కోసం మొగం వాచిన నల్లరేగడిలో పుట్టిన అగ్గిపెట్టె మీద మంచుగడ్డ పక్షి! నాకు ఒళ్ళు మండిపోయింది. కొత్త లేబుళ్ళు ఆ వారమే ప్రెస్సుకు పోవాలి. ఇంట్లో పెద్దదాన్ని నేను సరే అంటే ఇంకెవరూ నోరెత్తరని నా దగ్గరికి వచ్చాడు. నేను సరే అననన్నాను. ముందు అన్నం తిను, తర్వాత తాత సంగతి చెప్తాను, ఆ పైన నీ ఇష్టం అన్నాను. ఆ మధ్యాహ్నం వాడికి కొంత చెప్పాను. చెప్పకుండా మిగిలిపోయింది కూడా కలిపి ఇక్కడ రాస్తున్నాను.

కథలోకి పోయేముందు నా తెలుగు గురించి ఒక మాట. నేను తెలుగు అక్షరాలు నేర్చుకున్నది తల నెరిశాక. మా వైపు తెలుగు ఇంట్లో మాట్లాడే భాషే తప్ప చదివే భాష కాదు. గడప దాటితే తమిళం, బడిలో తమిళమూ ఇంగ్లీషూ. ఇప్పుడు మీరు చదువుతున్నది మీ పుస్తకాలు చూసి నేర్చుకున్న తెలుగు. మావాళ్ళు మాట్లాడిన చోట మాత్రం వాళ్ళు మాట్లాడినట్టే రాశాను. ఆంధ్ర నుంచి వచ్చిన ఒక పెద్దమనిషి ఒకసారి నా మాట విని, మీది పాడైపోయిన తెలుగమ్మా అని జాలిపడ్డాడు. పాడైపోయినదాన్ని ఇన్ని తరాలు ఎవరైనా దాచుకుని తింటారా? తమిళం కలిసిన మాట నిజమే. ఇరుగుపొరుగుతో కలిసి బతికినవాళ్ళ మాటలో ఇరుగుపొరుగు మాట కలుస్తుంది. దానికి ఆయన జాలి నాకు అక్కర్లేదు.

మా తాత పేరు వెంకటసామి. పుదూరు పక్కన మెట్ట సేద్యం. పత్తి, సజ్జ, గుండుమిరప. పత్తి ఎత్తగానే బండి కట్టుకుని విరుదునగర్ మండీకి పోయేవాడు. తాతకు అప్పుడప్పుడే మీసం వస్తున్న రోజుల్లో ఆ మండీకి పత్తి చూడడానికి ఒక ముసలి దొర వచ్చాడట. పత్తిని వేళ్ళ మధ్య సాగదీసి పోగు పొడుగు చూస్తూ, వచ్చీరాని తమిళంలో మీరెవరని అడిగాడు. తాత తెలుగు అన్నాడు. దొర చేతిలో పత్తి వదిలేసి, తాత మొహంలోకి చూసి, "ఆహా, జెంటూ!" అని నవ్వుతూ టోపీ పైకెత్తాడు. ఆ దొర పాత పుస్తకాలు చదివినవాడై ఉంటాడని నేను ఇప్పుడు అనుకుంటాను. ఆ మాట అప్పటికే వాళ్ళ దేశంలోనే మూలపడిపోయింది. తాతకు అదంతా ఏం తెలుసు? ఆయనకు తెలిసిన ఇంగ్లీషు మాటలు రెండో మూడో. వాటిలో జెంటిల్‌మేన్ ఒకటి. మంచి బట్ట కట్టిన బేరగాణ్ణి చూసి మండీ దళారులు ఆ మాట అంటూ ఉండేవాళ్ళు. టోపీ ఎత్తి పలకరించినవాడు తిడుతున్నాడని ఎవరు మాత్రం అనుకుంటారు? తెలుగువాళ్ళంటే జెంటిల్‌మేన్లని దొరల దేశం దాకా తెలుసునని తాత తీర్మానం చేసుకుని బండి తోలుకుంటూ ఇంటికి వచ్చాడు. మరి ఆ మేన్ అనేది ఎక్కడ పోయిందని అవ్వ అడిగితే, "దొరకు తొందర. తోక కోసి చెప్పినాడు" అనేవాడు.

అవ్వ జన్మలో ఆయన్ని వదల్లేదు. ఇంటిపేరు కస్తూరివారు, ఇంట్లో గబ్బిలాల కంపు అని రోజుకొకసారైనా అనేది. తాత పట్టిన కుందేటికి ఎప్పుడూ మూడే కాళ్ళు కాబట్టి ఆయనా వదల్లేదు. అలా ఆ మాట మా ఇంట్లో దిగబడి, ఆవు వెంట దూడలా మా వెంట తిరగడం మొదలుపెట్టింది. పొలం నుంచి వచ్చినవాళ్ళు కాళ్ళు కడుక్కుని లోపలికి రావడం జెంటు. నిలబడి తినకపోవడం జెంటు. పని చేసేవాళ్ళ మీద అరవకపోవడం, దారిన పోయే మనిషి దాహం అడిగేదాకా ఆగకుండా మనమే అడగడం, ఎరువు తెచ్చుకున్న కొడవలి పొద్దు వాలేలోపల పదును పెట్టి తిరిగి ఇవ్వడం, ఇవన్నీ జెంటు. పొడవని ఎద్దు జెంటు ఎద్దు. ఉప్పూ పులుపూ ఒకదాన్నొకటి మింగని చారు జెంటుగా ఉందనేవాళ్ళం. గాలీ ఉరుమూ లేకుండా రాత్రంతా మెల్లగా పడి రేగడిని లోపలిదాకా తడిపే వానకు మా ఇంట్లో ఇంకో పేరు లేదు, జెంటు వాన అంతే. అవ్వ మాత్రం దాన్ని తిప్పి వాడేది. వంటింట్లో అటకమీది కుండ దించాల్సి వచ్చినప్పుడు మగవాళ్ళు కాళ్ళు చాపుకుని కూర్చుని ఉంటే, "ఓ జెంటూ, లేసి ఆ కుండ దించు" అని కేకేసేది. అలాంటప్పుడు ఆ మాటకు సోమరి అని అర్థం. ఒకే ఇంట్లో, ఒకే పొద్దున, మనిషిని బట్టి దాని అర్థం మారిపోయేది, మాకు ఎప్పుడూ ఇబ్బంది కలగలేదు.

ఆ ఇంటి వాసన తలుచుకుంటే నాకు మొదట వచ్చేది పత్తికట్టె పొగ. పత్తి ఎత్తేశాక మిగిలిన కట్టెలే మా పొయ్యికి వంటచెరుకు. ఆ పొగలో ఉడికే సజ్జ సంగటి, ఎండబెట్టిన గుండుమిరప ఘాటు, మజ్జిగలో నానేసిన ఉల్లిపాయ. తాత పొద్దున్నే తలపాగా చుట్టుకోవడం ఒక పెద్ద పని. అద్దం చూసేవాడు కాదు, వాకిట్లో నిలబడి చుట్టుకుంటూ, బాగుందా అని మమ్మల్ని అడిగేవాడు. జెంటుగా ఉంది అనేదాకా కదిలేవాడు కాదు. వరసగా వానలు మొండికేసిన కాలంలో సేద్యం మీద ఆశ వదులుకుని, ఇల్లు కోవిల్‌పట్టికి మార్చి, అగ్గిపెట్టెల పనిలో దిగాడు. మా వైపు దాన్ని తీపెట్టి ఆఫీసు అంటారు. ఆఫీసంటే కుర్చీలూ ఫ్యానులూ అనుకునేరు. రేకుల కప్పు కింద ఆడవాళ్ళు వరసగా కూర్చుని పుల్లల్ని చెక్క చట్రాల్లో గుచ్చుతారు, ఆ చట్రాలను మగవాళ్ళు కరిగిన మైనంలోనూ తర్వాత మందులోనూ ముంచి ఆరబెడతారు. ఇళ్ళల్లో ముసలీ ముతకా, పిల్లలూ నీలం కాగితానికి గంజి రాసి పెట్టెలు అతికిస్తారు. మా వేళ్ళ సందుల్లో గంజి ఎప్పుడూ ఎండిపోయి ఉండేది. పత్తికట్టె పొగ పోయి మైనం వాసన వచ్చింది కానీ జెంటు అనే మాట మాతోపాటే బండెక్కి వచ్చింది.

లేబుల్‌కు ఏ పేరు పెడదామని ప్రెస్సువాళ్ళు అడిగితే తాతకు ఆలోచించే అవసరమే రాలేదు. అందరూ నెమలి, పులి, దేవుడి పేర్లు పెట్టుకుంటున్నారు, మీరూ ఏదైనా దేవుణ్ణి పెట్టుకోండని వాళ్ళు చెప్పి చూశారు. దేవుడి బొమ్మ ఉన్న పెట్టెతో బీడీ ముట్టించి కాలవలో పారేస్తారు, అది జెంటు పని కాదన్నాడు తాత. ఇంగ్లీషులో ఎలా రాయాలో ఆయనకూ తెలియదు, ప్రెస్సులో గుమాస్తాకూ తెలియదు. చివర టూ అని సాగుతుంది కదా అని ఆ గుమాస్తా తనకు తోచినట్టు రెండు ఓ అక్షరాలు, రెండు సున్నాల్లా, పక్కపక్కన పెట్టి అచ్చువేశాడు. పాత నిఘంటువుల్లో సరిగ్గా అలాగే ఉంటుందని పాపం అతనికి కలలో కూడా తెలిసి ఉండదు. ఆ రెండు సున్నాలే తర్వాత నా కొంప ముంచాయి.

నన్ను చదువుకు విరుదునగర్‌లో హాస్టలున్న ఒక బడిలో వేశారు. అక్కడ ఇంగ్లీషు చెప్పేది ఎస్తర్ టీచర్. తెల్లచీర, మెత్తని గొంతు, చేతిలో ఎప్పుడూ లావుపాటి ఇంగ్లీషు నిఘంటువు. ఒకసారి మా తాత అనే విషయం మీద వ్యాసం రాయమంది. నేను గర్వంగా, మా తాత పేరుమోసిన జెంటు, తెలుగువాళ్ళందరూ జెంటులే కానీ మొదట దొర చేత అనిపించుకున్నది ఆయనే అని, లేబుల్ మీద ఉన్నట్టే రెండు సున్నాలు పెట్టి రాశాను. టీచరు ఆ మాట దగ్గర ఆగి, ఇదేమిటే అని నిఘంటువు తిప్పింది. దొరికింది. దొరికిన సంతోషంలో ముందూ వెనకా చూసుకోకుండా పైకి చదివేసింది. మూఢుడు, నిజమైన దేవుణ్ణి ఎరగనివాడు, పాతకాలంలో తెలుగువాడు. తమిళంలో ఆమె చెప్పిన మాట పాదిరీలు వాడే అఞ్ఞాని, మన అజ్ఞానే. క్లాసంతా గొల్లుమంది. సాయంత్రానికి హాస్టల్లో నా పేరు అఞ్ఞాని. అన్నం దగ్గర కూడా, అఞ్ఞానికి ఇంకో గరిటె వెయ్యండి అంటే, ఆ మాట అన్న పిల్ల జడ పట్టుకుని కిందికి లాగి నాలుగు అంటించాను. దాంతో తాతకు కబురు పోయింది.

మరునాడు తాత వచ్చాడు. ఉతికిన పంచె, తలపాగా, గొడుగు, చేతిలో కోవిల్‌పట్టి పల్లీ మిఠాయి పొట్లం. బడి వసారాలో ఆయనకు కుర్చీ వేశారు. నేను స్తంభానికి ఆనుకుని నిలబడ్డాను. ఎస్తర్ టీచర్ నా పక్కన.

"ఏమ్మా, యాల కొట్టినావు ఆ పిల్లను?" అన్నాడు తాత.

"జెంటు అంటే అఞ్ఞాని అంట తాతా. దొర నిన్ను తిట్టినాడంట. పుస్తకంలో ఉండాది."

తాత నన్ను చూశాడు, టీచరును చూశాడు. మెల్లగా తలపాగా తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. నలుగురిలో ఆయన తలపాగా తీయడం నేను అంతకుముందు చూడలేదు. ఆయన జీవితమంతా పరుచుకుని కూర్చున్న చాపను ఎవరో కింద నుంచి లాగినట్టు ఉండి ఉంటుంది. నాకు అక్కడికక్కడ చచ్చిపోవాలనిపించింది.

"ఎవరు చెప్పిరి?" అన్నాడు.

"నేనే చెప్తినయ్యా" అంది ఎస్తర్ టీచర్, తెలుగులో. మేమిద్దరం ఉలిక్కిపడ్డాం. అంతవరకూ ఆమె నోట నేను తమిళమూ ఇంగ్లీషూ తప్ప వినలేదు. "పుస్తకంలో అట్లనే ఉండాది. చదివేటప్పుడు పిల్ల మనసు నొస్తుందని తోచలేదు. తప్పుగా అనుకోవద్దు."

"ఆ పుస్తకం రాసినోడు మా ఊరికి వచ్చినాడా?"

"లేదయ్యా. వాళ్ళు దొరల సీమలో కూర్చుని రాసేది."

"మా ఇంట్లో గంజి తాగనోనికి నేనెవరో ఎట్ల తెలిసె?" తాత గొంతు పెరిగింది. "ఈడ మమ్మల్ని వడుగరు అంటారు. వడక్క నుంచి వచ్చినోళ్ళు అని. మా తాతకు తాత ఈ మట్టిలోనే బూడిదయినాడు, అయినా మేము ఇంకా దారిలోనే వస్తా ఉండామన్నట్టు. ఆడ ఆంద్రాకు పోతే అరవోళ్ళు అంటారు. ఏ పేరూ మమ్మల్ని అడిగి పెట్టిండలేదు. ఇది ఒకటి దారిలో దొరికె. కడిగి, ఇంట్లో పెట్టుకుని, దానికి ఒక మరియాద కట్టుకుంటిని. తిట్టుగా ఇచ్చినాడో, ముద్దుగా ఇచ్చినాడో, వాడు ఇచ్చేసినాడు. ఇప్పుడు అది నాది." ఆగి, ఆమెను మళ్ళీ చూశాడు. "నీవు ఇంట్లో తెలుగు దానే మాట్లాడేది? అట్లయితే నీవూ జెంటే తల్లీ."

ఎస్తర్ టీచర్ నా పక్క నుంచి ఒక అడుగు ముందుకు వేసింది. చీర కొంగు చేతికి చుట్టుకుని, ఆయన కళ్ళలోకి సూటిగా చూస్తూ అంది. "మా నాయన మీ పక్క ఊళ్ళల్లోనే పత్తి ఎత్తినాడయ్యా. ఎవరింట్లోనూ తిన్నె మీద కూడా కూర్చోనిచ్చింది లేదు. దోసిట్లో పోసిన నీళ్ళు తాగి వచ్చె. పుస్తకం మిమ్మల్ని అఞ్ఞాని అనె, మీకు ఇంత నొచ్చె. మమ్మల్ని మీరు ఏమేమి అంటిరో ఏ పుస్తకంలోనూ లేదు. నేనెట్లా జెంటు అవుతాను?"

తాత తలవంచుకుని తలపాగా గుడ్డను వేళ్ళతో నలుపుతూ కూర్చున్నాడు. చివరికి, "అది మా తప్పు తల్లీ, మాట తప్పు కాదు. మాటకు తగినట్టు మేము ఉండలేదు" అన్నాడు. మిఠాయి పొట్లం ఆమె చేతికిచ్చి, మా ఇంటికి రావాలి, రాను అంటే నేను ఈ కుర్చీ లేవను అన్నాడు. ఆమెకు నవ్వొచ్చింది. నాకు ఏడుపొచ్చింది. తిరిగి పోతూ గేటు దగ్గర నన్ను పిలిచి, "అర్తం సంగతి అవ్వకు చెప్పొద్దు. తెలిసిందంటే నేను ఆ ఇంట్లో బతకలేను" అని చెవిలో చెప్పాడు.

ఆ సెలవుల్లో ఎస్తర్ టీచర్ మా ఇంటికి వచ్చింది. తాత ఆమెను ముందు గుమ్మంలో నుంచి తీసుకొచ్చి నడింట్లో తన పక్కన కూర్చోబెట్టాడు. అవ్వ రెండు నిమిషాలు వంటింటి తలుపు దగ్గర బిగుసుకుని నిలబడింది. తర్వాత ఏమనుకుందో, సంగటి ముద్ద చేసి, మా అందరికీ పెట్టే కంచంలోనే ఆమెకూ పెట్టి, చారు బాగుందా అని అడిగింది. "జెంటుగా ఉండాదవ్వా" అంది టీచరు. అవ్వ ఇంకో గరిటె చారు పోసింది. చుట్టాల్లో కొందరు ఆ తర్వాత మా ఇంట్లో చెయ్యి కడగడం మానేశారు. ఒక పెళ్ళిలో మమ్మల్ని వేరే పంక్తిలో కూర్చోమన్నారు కూడా. తాత విస్తరి ముందు నుంచి లేచి, "ఈ పెండ్లిలో కూడు ఉండాది, జెంటు లేదు" అని అందరికీ వినబడేట్టు చెప్పి మమ్మల్ని తోలుకొచ్చేశాడు. ఆకలితో ఇంటికొచ్చి ఆ రాత్రి చల్లన్నం తిన్నాం. నా బతుకులో నేను అంత గర్వంగా తిన్న కూడు ఇంకోటి లేదు.

నేను పెద్దయి, ఇంగ్లీషు చదువుకుని, అదే విరుదునగర్‌లో టీచరుగా చేరాక, ఒక కాలేజీ లైబ్రరీలో ఆ మాట పుట్టుపూర్వోత్తరాలన్నీ వెతికాను. ఇంగ్లీషువాళ్ళకు అది పోర్చుగీసువాళ్ళ దగ్గర దొరికిన మాట. మన తీరానికి ముందొచ్చినవాళ్ళు వాళ్ళే కదా, ఇక్కడి జనాన్ని జెంటియో అన్నారు, తమ దేవుడివాళ్ళు కాదని. దక్షిణాన తొలిరోజుల్లో దొరలతో వ్యవహరించినవాళ్ళలో తెలుగువాళ్ళు ఎక్కువ కాబట్టి ఇంగ్లీషు నోట్లో అది మనకు ఇరుక్కుంది. తర్వాత హిందూ, తెలుగు అనే మాటలు వాడుకలోకి వచ్చి దీన్ని మూలకు నెట్టేశాయి. పోర్చుగీసు మాట వెనక్కి పోతే లాటిన్‌లో జెన్స్ అనే మాట దగ్గర తేలుతుంది. జెన్స్ అంటే ఒకే ఇంటివాళ్ళు, ఒక వంశం, మనవాళ్ళు. ఆ ఒక్క మాటనే చర్చివాళ్ళు తిప్పి, మనవాళ్ళు కానివాళ్ళు అనే అర్థంలో వాడారు. అదే మాట ఇంకో దారిలో పోయి, మంచి ఇంట్లో పుట్టినవాడు, మర్యాద తెలిసినవాడు అనే అర్థంలో జెంటిల్ అయింది. అంటే జెంటూ, జెంటిల్ ఒక తల్లి బిడ్డలు. అది చదివి లైబ్రరీలోనే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చాను. అప్పటికి తాత పోయాడు. మన జనం అనే మాటా, ఆ జెన్సూ కూడా దూరపు దాయాదులేనని పండితులు అంటారు. నాలుగు సముద్రాలు తిరిగి వాళ్ళు తెచ్చి మన మొహాన కొట్టింది జనం అనే మాటనేనన్నమాట.

అయితే ఈ లాటిన్ సాక్ష్యం వల్ల తాత గెలిచాడని నేను అనను. అలా అంటే మళ్ళీ ఆ పుస్తకాన్నే తీర్పరిగా కూర్చోబెట్టినట్టు అవుతుంది. అది తాతకు ఎదురు చెప్పి ఉన్నా ఆయన మాట ఆయనదే. పెళ్ళి పంక్తిలో నుంచి లేచిన మనిషికి నిఘంటువు ఇచ్చేదేమీ లేదు, పుచ్చుకునేదీ లేదు. పెంగ్విన్ సంగతి కూడా చూశాను. ఆ పక్షి తల మీద తెల్లటి పట్టీ ఉంటుంది, అది తలపాగాలా ఉందని ఆ పేరు పెట్టారని కొందరి ఊహ, ఖాయంగా ఎవరికీ తెలియదు. అదే నిజమైతే మా తాత వేషం అది వేసుకుంది. దాని కోసం మా తాతను పెట్టె మీద నుంచి దించాలనడం ఏ ఊరి న్యాయం?

నేను చెప్పినంతా విని సౌందర్ కంచంలో వేలితో గీతలు గీస్తూ కూర్చున్నాడు. ఎస్తర్ టీచర్ సంగతి వాడికి అంతవరకూ తెలియదు. మా తమ్ముడు చెప్పి ఉండడు. "ఎవరూ నాకు చెప్పలేదత్తా" అన్నాడు. "రాయల్ అని పెట్టితే ఎవరూ ఏమీ అడగరు, నిమ్మతిగా ఉండొచ్చు అనుకుంటిని." ఎవరూ ఏమీ అడగకుండా బతకాలంటే పేరే ఎందుకురా, తెల్ల కాగితం అతికించి అమ్ము అన్నాను. నవ్వలేదు. వాడి భయం వాడిది. ఇంట్లో పిల్లలతో కూడా తమిళమే మాట్లాడుతున్నాడు ఈ మధ్య. బడిలో ఒకటి, ఇంట్లో ఒకటి ఎందుకు, వాళ్ళకు తికమక అంటాడు. లేబుల్ ఒక్కటే పోతుందని నేను అనుకోవడం లేదు. ఈ పేరు పోతే, మీరెవరు అని అడిగినవాళ్ళకు చెప్పుకోవడానికి ఆ ఇంట్లో ఏ మాటా మిగలదు. నేను ఆ మాటే చెప్పాను. వాడు, "పెట్టె చిన్నది అత్తా. ఇంత కత దాని మీద పట్టదు" అన్నాడు.

అప్పుడే ఫోను మోగింది. ఆ ఉత్తరాది వ్యాపారే. సౌందర్ చెయ్యి కడుక్కోకుండానే ఎడమచేత్తో స్పీకరు నొక్కాడు. ఆయన సరుకు మాట మొదలుపెట్టకుండానే, ఇంగ్లీషులో, ఆ పేరు అర్థం కనుక్కున్నారా అని అడిగాడు. నేను చెప్తాను ఇటివ్వరా అని చెయ్యి చాపాను. లాటిన్‌తో సహా నాలుగు వడ్డిద్దామని నా ఉబలాటం. వాడు ఫోను నాకు ఇవ్వలేదు. నావైపు ఒకసారి చూసి, గొంతు సవరించుకుని, "జెంటూ మీన్స్" అని ఆగాడు. మాట వెతుక్కున్నాడు. "జెంటూ మీన్స్ వి పీపుల్, సర్."

అవతల ఆయన "అచ్ఛా, అచ్ఛా" అని, సరుకు ఎప్పుడు బయల్దేరుతుందని అడిగాడు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ 'వి పీపుల్' అని రాసిన ప్రతి పిల్ల కాగితం మీదా ఎర్రసిరాతో కొట్టేసినదాన్ని నేను. అది ఇంగ్లీషు కాదు, మనవాళ్ళం అనే మన మాటను ఇంగ్లీషు చేశావు అని చెప్పి చెప్పి నా గొంతు అరిగిపోయింది. సౌందర్ ఫోను పెట్టేసి, భయంభయంగా, "తప్పా అత్తా?" అని అడిగాడు.

"సరిగ్గానే ఉండాది. తాత లేబులే ప్రెస్సుకు పంపు" అన్నాను.